‘రక్తనాళాల వయసు 58’ అన్న రిపోర్టును ఎలా చదవాలి?

మీరు రాసిన సంగతి క్లుప్తంగా ఇది. మీకు 44 ఏళ్ళు, గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ వ్యాపారం. గత నెలలో ఒక ఆరోగ్య శిబిరంలో రెండు చేతులకూ రెండు కాళ్ళకూ పట్టీలు కట్టి చేసిన పరీక్షలో ‘రక్తనాళాల వయసు 58’ అని వచ్చింది. నాడి అల వేగం సెకనుకు 1620 సెంటీమీటర్లని, చీలమండ బీపీకీ చేతి బీపీకీ ఉన్న నిష్పత్తి, అంటే ఏబీఐ, 1.08 అని రిపోర్టులో ఉంది. మీ నాన్నగారికి 51వ ఏట గుండెపోటు వచ్చింది. ఆ అంకె నిజమేనా, వెంటనే సీటీ యాంజియో, అంటే రంగుమందు ఎక్కించి గుండె ధమనులను చూసే స్కాను, చేయించుకోవాలా, ఏటా ఈ పరీక్ష చేయించుకుంటూ ఉండాలా అన్నవి మీ ప్రశ్నలు. చివర్లో, షుగరు ఉన్న మీ అమ్మగారికి కూడా అదే శిబిరంలో ఏబీఐ చూశారని, 1.46 వచ్చిందని, ‘చాలా బాగుంది’ అన్నారని ఒక్క వాక్యం చేర్చారు.

నేను విజయవాడలో రక్తనాళాల జబ్బులు చూసే వైద్యుణ్ణి, ఈ పరీక్షలు నా పనిలో రోజూ ఉండేవే. నా అభిప్రాయం ముందే చెబుతాను. 58 అన్న అంకెను చూసి మీరు ఏ నిర్ణయమూ తీసుకోనక్కరలేదు. అదే కాగితం మీద ఒక మూల చిన్న అక్షరాల్లో అచ్చయిన బీపీ 152/96 మీద మాత్రం ఈ వారంలోనే దృష్టి పెట్టాలి. మీ అమ్మగారి 1.46ను అంతకంటే ముందు పట్టించుకోవాలి. రక్తనాళాల పరీక్ష ఏదైనా సరే, దాని ఫలితం మీ చికిత్సలో ఒక నిర్ణయాన్ని మార్చగలిగినప్పుడే చేయించుకోదగినది. ఈ ఒక్క కొలబద్దతో మీ రిపోర్టునూ, మీకు సూచించిన మిగతా పరీక్షలనూ చూద్దాం.

రక్తనాళం పాడవడమంటే ఒకే జబ్బు కాదు. మొదటిది బిరుసెక్కడం. గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని గోడలో సాగే పీచు ఉంటుంది. వయసుతోనూ, బీపీ, షుగరు, మూత్రపిండాల జబ్బు వంటి వాటితోనూ ఆ పీచు తెగిపోయి, దాని స్థానంలో సాగని పీచు పేరుకుంటుంది. రెండోది లోపలి పొర కింద కొవ్వు చేరి పూడిక ఏర్పడటం. గుండెపోటు ఎక్కువగా ఈ పూడిక పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టడం వల్ల వస్తుంది. ఈ రెండు జబ్బులూ తరచు ఒకే మనిషిలో కలిసి కనిపిస్తాయి కానీ, ఒకదాన్ని కొలిస్తే రెండోదాన్ని కొలిచినట్టు కాదు. మీకు శిబిరంలో కొలిచింది బిరుసును. మీ నాన్నగారి అనుభవం వల్ల మీరు భయపడుతున్నది పూడికకు. మీ కలవరంలో సగం ఈ తేడా ఎవరూ చెప్పకపోవడం వల్ల వచ్చిందే.

నాడి అల వేగమంటే రక్తం పారే వేగం కాదు. బ్యారేజీ దగ్గర కాలువ తలుపులు ఎత్తినప్పుడు, అక్కడి నీరు దిగువకు చేరడానికి చాలా ముందే నీటి పోటు దిగువకు చేరుతుంది. గుండె కొట్టుకున్నప్పుడు కూడా రక్తం కంటే ముందుగా ఒత్తిడి అల ధమని గోడల వెంట పరుగెడుతుంది. గోడ మెత్తగా ఉంటే ఆ అల నెమ్మదిగానూ, బిరుసుగా ఉంటే వేగంగానూ వెళుతుంది. ఈ సంబంధాన్ని మోయెన్స్, కోర్టెవెగ్ అనే డచ్చి శాస్త్రజ్ఞులు 1878లోనే సూత్రంగా రాశారు. 1922లో బ్రామ్‌వెల్, హిల్ దాన్ని మనిషి ధమనులకు అన్వయించారు. అల వేగంగా వెళ్ళడం వల్ల గుండెకు కలిగే నష్టం కూడా తెలిసినదే. శరీరం కింది భాగాల నుంచి వెనక్కి మళ్ళే అల, గుండె ఇంకా రక్తాన్ని నెడుతుండగానే తిరిగి వచ్చి దానికి ఎదురు నిలుస్తుంది. దాంతో పై బీపీ పెరుగుతుంది. గుండె విశ్రాంతిగా ఉండే క్షణంలో, అంటే గుండె సొంత నాళాలకు రక్తం అందే సమయంలో, కింది బీపీ పడిపోతుంది. కాబట్టి ఈ కొలత అర్థం లేనిదని నేను అనడం లేదు. దాన్ని ఎలా కొలిచారన్నదే ప్రశ్న.

ప్రామాణికంగా ఒప్పుకున్న పద్ధతిలో మెడ ధమని దగ్గర ఒకసారి, గజ్జ ధమని దగ్గర ఒకసారి నాడిని పట్టి, ఈసీజీతో పోల్చి, అల రెండుచోట్లకూ చేరిన సమయాల్లో తేడా చూస్తారు. రెండు బిందువుల మధ్య దూరాన్ని టేపుతో కొలిచి, అందులో 80 శాతం తీసుకుంటారు. ఉదాహరణకు దూరం 65 సెంటీమీటర్లయితే లెక్కలోకి వచ్చేది 52. సమయంలో తేడా 65 మిల్లీసెకన్లయితే వేగం సెకనుకు 8 మీటర్లు. ఇప్పుడు అదే మనిషికి బొజ్జ ఉండి, టేపు తిన్నగా గాలిలో పట్టుకోకుండా పొట్ట మీదుగా వంపు తిప్పి కొలిచారనుకోండి. దూరం 70 సెంటీమీటర్లవుతుంది, వేగం 8.6కు చేరుతుంది. మనిషి ధమనిలో ఏ మార్పూ లేదు, మారింది టేపు ఒక్కటే. నా దగ్గర శిక్షణకు వచ్చే పిల్లలకు మొదట నేర్పేది యంత్రం కాదు, ఈ టేపు పట్టుకోవడమే. పరీక్షకు ముందు కనీసం పది నిమిషాలు కదలకుండా పడుకోబెట్టడం, ముందు మూడు గంటల పాటు కాఫీ, సిగరెట్టు, భోజనం లేకుండా చూడటం, గది మరీ వేడిగా గానీ చల్లగా గానీ లేకుండా ఉంచడం, పరీక్ష జరుగుతుండగా మాట్లాడనివ్వకపోవడం కూడా ఇందులో భాగాలే. మే నెల ఎండలో బస్సు దిగి వచ్చిన మనిషిని వెంటనే బల్ల ఎక్కిస్తే వచ్చే అంకెను నేను రిపోర్టులో రాయను.

మీకు చేసింది ఈ పద్ధతి కాదు. చేతికీ చీలమండకూ పట్టీలు కట్టి చేసేది వేరే పద్ధతి, జపానులో బాగా వాడుకలోకి వచ్చింది. చేయడం తేలిక, గజ్జ దగ్గర బట్ట తొలగించే ఇబ్బంది లేదు, శిబిరాలకు అనువుగా ఉంటుంది. అయితే ఇందులో దూరాన్ని ఎవరూ కొలవరు. మీ ఎత్తును మీట నొక్కి ఎక్కిస్తే యంత్రమే ఒక సూత్రంతో అంచనా వేస్తుంది. పైగా ఇందులో పెద్ద ధమనితో పాటు కాళ్ళలోని కండర ధమనుల బిరుసు కూడా కలిసిపోతుంది కాబట్టి అంకెలు సహజంగానే పెద్దవిగా వస్తాయి. మెడ నుంచి గజ్జకు కొలిచినప్పుడు సెకనుకు 10 మీటర్లు దాటితే ఎక్కువ అంటాం. చేయి నుంచి చీలమండకు కొలిచే పద్ధతిలో ఎక్కువ ప్రమాదమని గట్టిగా చెప్పే హద్దు 18 మీటర్లు, అంటే 1800 సెంటీమీటర్లు, గమనించడం మొదలుపెట్టే హద్దు 1400. ఇంటర్నెట్‌లో ‘10 దాటకూడదు’ అని చదివి, తన 16ను చూసి నిద్ర పోని వాళ్ళు నా దగ్గరకు వస్తుంటారు. మీ 1620 మధ్యలో ఉంది. ఇక ‘58 ఏళ్ళు’ అన్నది విడిగా కొలిచినది కాదు. ఆ యంత్రం చేసినవాళ్ళు తమ దగ్గరున్న మనుషుల సగటులతో మీ వేగాన్ని పోల్చి, ఆ వేగం సగటున ఏ వయసులో కనిపిస్తుందో చూసి రాసిన మాట. ఆ సగటుల్లో గుంటూరు, కృష్ణా జిల్లాల మనుషులు ఉన్నారో లేదో ఆ కాగితం చెప్పదు.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, నాడి అల వేగం కొలిచే నిమిషంలో ఉన్న బీపీని బట్టి మారుతుంది. బీపీ పెరిగితే ధమని గోడ మరింత బిగుసుకుని, అదే ధమనిలో అల మరింత వేగంగా వెళుతుంది. తెల్లవారకముందే యార్డుకు వెళ్ళి, సరుకు చూసుకుని, అటునుంచి అటే శిబిరానికి వచ్చి, కాఫీ తాగి, వరసలో నిలబడి పరీక్ష చేయించుకున్నానని మీరే రాశారు. ఆ సమయంలో యంత్రం చూపిన బీపీ 152/96. ఇంట్లో మీరు చూసుకున్నది 134/86. ఈ తేడాతో వచ్చిన 1620ని మీ ధమనుల స్వభావంగా తీసుకోలేము. ఆ పూట మీ శరీరం ఉన్న స్థితి కూడా అందులో ఉంది.

సరిగ్గా కొలిచిన అంకె అయినా ఒక మనిషికి ఏం చెబుతుంది? 2010లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణ, పదిహేను వేల మందికి పైగా మనుషులను సంవత్సరాల పాటు గమనించిన అధ్యయనాలను కలిపి చూసింది. పెద్ద ధమనిలో అల వేగం సెకనుకు ఒక మీటరు పెరిగిన కొద్దీ గుండె, రక్తనాళాల జబ్బుల ముప్పు సుమారు 14 శాతం పెరుగుతుందని తేల్చింది. 14 శాతం అనగానే భయం వేస్తుంది. కానీ రాబోయే పదేళ్ళలో వందమందిలో ముగ్గురికి జబ్బు రాగల గుంపులో మీరు ఉన్నారనుకుంటే, ఒక మీటరు పెరగడం వల్ల ఆ ముగ్గురు కాస్తా 3.4 అవుతారు. పెద్ద జనసమూహాన్ని అర్థం చేసుకోవడానికి ఇది విలువైన సమాచారమే. మీకు మందు మొదలుపెట్టాలా వద్దా అన్న నిర్ణయాన్ని మార్చడానికి మాత్రం చాలా తక్కువ.

చేతి ధమని ఎంత విచ్చుకుంటుందో చూసే పరీక్ష గురించి కూడా మీరు అడిగారు. రక్తనాళం లోపల ఒకే ఒక్క కణం మందంతో పొర ఉంటుంది. అది నైట్రిక్ ఆక్సైడు విడుదల చేసి నాళాన్ని విప్పార్చుతుంది. ఈ పొర పాత్రను 1980లో బయటపెట్టిన ఫర్చ్‌గాట్‌కు, మరో ఇద్దరు శాస్త్రజ్ఞులతో కలిపి 1998లో నోబెల్ బహుమతి ఇచ్చారు. పూడిక కంటికి కనిపించడానికి ఎన్నో ఏళ్ళ ముందే ఈ పొర పనితీరు తగ్గుతుంది కాబట్టి దాన్ని కొలవాలన్న ఆలోచన చాలా గొప్పది. 1992లో వచ్చిన పద్ధతి ప్రకారం ముంజేతికి పట్టీ కట్టి అయిదు నిమిషాలు రక్తప్రసరణ ఆపి, వదిలాక మోచేతి పైన ధమని ఎంత వెడల్పయిందో అల్ట్రాసౌండుతో చూస్తారు. ఆ ధమని వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు. అది 5 శాతం విచ్చుకుందంటే తేడా 0.2 మిల్లీమీటర్లు. మనిషి చేయి కొంచెం కదిలినా, పరీక్షించేవారి ప్రోబు కొంచెం ఒరిగినా ఈ తేడా కొట్టుకుపోతుంది. పరిశోధనశాలలో, ఒకే చేతి పనితనంతో, వందలమందిని చూసినప్పుడు దీనికి విలువ ఉంది. ఊరి ల్యాబులో ఒక్కసారి చేయించుకుని మీ భవిష్యత్తు నిర్ణయించుకోవడానికి ఇది తగదు. వేలికి క్లిప్పు పెట్టి ‘రక్తనాళాల ఆరోగ్యం’ చెప్పే చిన్న యంత్రాలను దీనితో సమానంగా చూడటమైతే అసలే కూడదు.

మెడ ధమని స్కానింగులో గోడ మందం కొలిచే పరీక్ష ఒకప్పుడు చాలా ప్రచారంలో ఉండేది. 0.7 మిల్లీమీటర్లు, 0.8 మిల్లీమీటర్లు అని రాసి ఇస్తారు. సాధారణంగా ఈ మందం ఏడాదికి పెరిగేది మిల్లీమీటరులో నూరో వంతు ప్రాంతంలో ఉంటుంది. స్కాను చేసే చేతుల మధ్య వచ్చే తేడా అంతకు ఎన్నో రెట్లు. అందువల్ల ఏటా కొలిచి ‘పెరిగింది, తగ్గింది’ అనడంలో అర్థం లేదు. గుండె జబ్బు ముప్పు అంచనాకు దీన్ని మామూలుగా వాడవద్దని 2013లో అమెరికా హృద్రోగ వైద్య సంఘాల మార్గదర్శకాలు స్పష్టంగానే చెప్పాయి. అదే స్కానింగులో పూడిక దిబ్బలా కనిపిస్తే మాత్రం అది వేరే సంగతి. గోడ ఒకచోట 1.5 మిల్లీమీటర్లకు మించి ఉబ్బితే, లేదా చుట్టుపక్కల మందం కంటే సగం ఎక్కువగా లోపలికి పొడుచుకు వస్తే దాన్ని పూడిక అంటాం. జబ్బు శరీరంలో ఇప్పటికే మొదలైందనడానికి అది కంటికి కనిపించే సాక్ష్యం. కాబట్టి మెడ స్కాను రిపోర్టు మీ చేతికి వస్తే మందం అంకెను వదిలి, ‘పూడిక ఉందా, ఎక్కడ, ఎంత’ అన్న వరుస వెతకండి.

నేను నిజంగా ఉపయోగపడుతుందని నమ్మే పరీక్ష గుండె ధమనుల్లో కాల్షియం స్కోరు. 1990లో అగట్‌స్టన్ బృందం రూపొందించింది. రంగుమందు ఎక్కించకుండా, కొన్ని క్షణాల్లో అయిపోయే సీటీ ఇది. రేడియేషన్ సుమారు 1 మిల్లీసీవర్టు. పాత పూడికల్లో సుద్దలా పేరుకున్న కాల్షియాన్ని లెక్కిస్తుంది. సున్నా వస్తే రాబోయే కొన్నేళ్ళకు ముప్పు తక్కువ, 100 దాటితే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మొదలుపెట్టడానికి గట్టి కారణం. 2018 అమెరికా మార్గదర్శకాలు, మందు ఇవ్వాలా వద్దా అన్న సందేహం మిగిలిన మధ్యస్థ ముప్పు మనుషులకు దీన్ని సూచించాయి. సున్నా వస్తే మందు వాయిదా వేయవచ్చన్నాయి కానీ షుగరు ఉన్నవారికీ, పొగతాగేవారికీ, ఇంట్లో చిన్న వయసులో గుండె జబ్బు వచ్చిన చరిత్ర ఉన్నవారికీ ఆ సడలింపు ఇవ్వలేదు. మీరు ఈ చివరి వర్గంలోకి వస్తారు. దీనికి కారణం ఉంది. చిన్న వయసులో ఏర్పడే పూడిక మెత్తగా ఉంటుంది, ఇంకా సుద్ద పట్టి ఉండదు, స్కోరుకు దొరకదు. ఇంకో జాగ్రత్త. ఈ స్కోరు వెనక ఉన్న ప్రసిద్ధ అధ్యయనం మీసా, 6,814 మందితో అమెరికాలో 2000లో మొదలైంది. అందులో తెల్లవారు, నల్లవారు, హిస్పానిక్ మూలాలవారు, చైనా మూలాలవారు ఉన్నారు, మన ఉపఖండపు వారు లేరు. ఆ లోటు తీర్చడానికే తరవాత అమెరికాలోని దక్షిణాసియా వారితో మసాలా అనే మరో అధ్యయనం మొదలుపెట్టారు. స్టాటిన్ వాడుతున్నవారికి ఈ స్కోరు కొంత పెరగడం మామూలే. మందు మెత్తని పూడికను గట్టిపరచి స్థిరపరుస్తుంది. కాబట్టి మందు పనిచేస్తోందో లేదో చూడటానికి ఏటేటా స్కోరు తీయించుకోవద్దు.

ఇలాంటి పరీక్షలతో ప్రాణాలు నిలుస్తాయా అన్నదానికి డెన్మార్కులో జరిగిన రెండు పెద్ద ప్రయోగాలు జవాబు వెతికాయి. రెండూ 65 నుంచి 74 ఏళ్ళ మగవారి మీద జరిగినవే. 2017లో ఫలితాలు వచ్చిన వీవాలో యాభై వేల మందికి పైగా ఉన్నారు. కడుపులోని ధమని ఉబ్బు, కాళ్ళ ధమనుల పూడిక, బీపీ చూసి, అవసరమైనవారికి మందులు మొదలుపెట్టారు. అయిదేళ్ళ ప్రాంతంలో మరణాలు 7 శాతం తగ్గాయి. 2022లో వచ్చిన డాన్‌కావాస్‌లో కాల్షియం స్కోరు సహా మరిన్ని పరీక్షలు చేర్చారు. అయిదేళ్ళు దాటాక కూడా మరణాల్లో గట్టిగా చెప్పగలిగిన తేడా రాలేదు. పరీక్షలు పెంచితే ఫలితం దానంతటదే పెరగదని నేను దీన్నుంచి గ్రహించాను. మీ వయసు వారిలో ఇంత పెద్ద ప్రయోగం ఆధారంగా ‘అందరూ చేయించుకోండి’ అనగల స్థితి ఇప్పటికీ లేదు.

ఇప్పుడు మీ సంగతి. మీరిచ్చిన వివరాల ప్రకారం మొత్తం కొలెస్ట్రాల్ 220, చెడ్డ కొలెస్ట్రాల్ ఎల్‌డీఎల్ 142, ఎక్కువ ఉండాల్సిన మంచి కొలెస్ట్రాల్ హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్లు 210, పరగడుపు షుగరు 112, నడుము చుట్టుకొలత 98 సెంటీమీటర్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దక్షిణాసియాకు విడిగా ఇచ్చిన గుండె జబ్బు ముప్పు పట్టికలో వేస్తే మీరు తక్కువ ముప్పు గడిలోనే పడతారు, ఎందుకంటే అలాంటి పట్టికల్లో వయసుదే పెద్ద బరువు. ఆ గడిని చూసి నేను నిశ్చింతగా ఉండను. పొట్ట, ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్, బీపీ, షుగరు అన్న అయిదు అంశాల్లోనూ మీరు హద్దు దాటి ఉన్నారు. మన మగవారికి నడుము హద్దు 90 సెంటీమీటర్లే. తండ్రికి 55 ఏళ్ళలోపు గుండెపోటు రావడాన్ని ఆ పట్టిక లెక్కలోకి తీసుకోదు. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో, దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకు వచ్చింది, మిగతా దేశాలవారికి 59 ప్రాంతంలో. మన పక్కనే ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాలకు కారణాలు వెతికి 2006లో ప్రచురించిన అధ్యయనం, గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల పోయినవారు దాదాపు మూడో వంతని చూపింది. ఇది పట్నాల జబ్బు, కూర్చుని తినేవాళ్ళ జబ్బు అన్న మాట ఇక చెల్లదు.

అందుకని మీ చేత నేను చేయించే పనులు వేరు. మొదట వారం రోజుల పాటు ఇంట్లో బీపీ రాయండి. ఉదయం, సాయంత్రం రెండేసి సార్లు, అయిదు నిమిషాలు కూర్చున్నాక, వీపు ఆనించి, పాదాలు నేలకు మోపి, చేయి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి చూడండి. మీ చేతి లావుకు సరిపోయే పట్టీ వాడండి, చిన్న పట్టీ బీపీని ఎక్కువ చేసి చూపుతుంది. మొదటి రోజు అంకెలు వదిలేసి మిగతావి సగటు తీయండి. అది 135/85 దాటితే బీపీ ఉన్నట్టే. మీ 134/86లో కింది అంకె ఇప్పటికే దాటి ఉంది. రెండోది, మూడు నెలల సగటు షుగరు హెచ్‌బీఏ1సీ. మూడోది లైపోప్రోటీన్-ఏ అనే రక్తపరీక్ష, జీవితంలో ఒకేసారి చాలు. ఇది చాలావరకు పుట్టుకతో వచ్చేది, తిండితో మారదు, తండ్రి నుంచి బిడ్డకు రాగలది. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పు ఎక్కువ కిందే లెక్క. మీ తమ్ముడు కూడా చేయించుకోవాలి. ఈ మూడింటితో మీ వైద్యుడి దగ్గరకు వెళ్ళి స్టాటిన్ గురించి మాట్లాడండి. మీలాంటి వారికి మందు మొదలుపెట్టాలనే వైపే నేను మొగ్గుతాను. మీకు గానీ వైద్యుడికి గానీ తటపటాయింపు మిగిలితే, అప్పుడు కాల్షియం స్కోరు ఒక్కసారి తీయించుకోవచ్చు. 44 ఏళ్ళకే అది సున్నా దాటిందంటే ఇక తటపటాయించనక్కరలేదు.

తిండి గురించి పెద్దగా రాయను, ఒక్క ఉప్పు సంగతి తప్ప. ఆవకాయ, గోంగూర, పండుమిరప పచ్చళ్ళు మన భోజనంలో మొదటి ముద్దకే వస్తాయి, మజ్జిగలోకి మళ్ళీ వస్తాయి. మీ బీపీకి ఇది నేరుగా సంబంధించిన విషయం. కారం మానమని నేను చెప్పడం లేదు, పచ్చడిని పూటకు ఒక్కసారికి తగ్గించమంటున్నాను.

సీటీ యాంజియో మీకు ఇప్పుడు అక్కరలేదు. నడిచినప్పుడు ఛాతీలో పట్టేసినట్టు ఉండటం, ఆయాసం వంటి లక్షణం ఏదీ లేదని మీరు రాశారు. లక్షణాలు లేని మనిషిలో ఆ పరీక్ష చేస్తే 30 శాతం, 40 శాతం అంటూ ఏవో కనిపించడం, దాని మీద మరో యాంజియో, దాని మీద ఒక స్టెంటు గురించిన చర్చ, ఇలా గొలుసు సాగుతుంది. అలాంటి స్టెంటు ఆయుర్దాయాన్ని పెంచుతుందనడానికి ఆధారం లేదు. పైగా రంగుమందు, ఎక్కువ రేడియేషన్ అదనం. లక్షణం మొదలైతే లెక్క పూర్తిగా మారుతుంది. మెట్లెక్కితే వచ్చి ఆగితే తగ్గే నొప్పి కనిపిస్తే ఆ వారంలోనే వైద్యుణ్ణి కలవండి. కూర్చుని ఉన్నా తగ్గని ఛాతీ బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి అయితే 108కి ఫోన్ చేయండి. మీ స్కోర్లు ఏమి వచ్చి ఉన్నా సరే.

చివరికి మీ అమ్మగారు. ఏబీఐ అంటే చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే వచ్చేది. 1.00 నుంచి 1.40 వరకు మామూలు, 0.90 లేదా అంతకు తక్కువైతే కాళ్ళ ధమనుల్లో పూడిక ఉన్నట్టు. 1.40 దాటితే అది ‘ఇంకా బాగుంది’ అని కాదు. ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవారిలో, మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో కాలి ధమని గోడకు సుద్ద పట్టి, పట్టీ ఎంత బిగించినా నలగదు. అందువల్ల యంత్రం అక్కడ నిజంగా ఉన్నదాని కంటే ఎక్కువ బీపీని చూపుతుంది. లోపల పూడిక ఉన్నా ఆ పెద్ద అంకె వెనక దాగిపోతుంది. ఆవిడకు షుగరు 18 ఏళ్ళుగా ఉందని, ఈ మధ్య రాత్రిపూట పాదాలు మంటలంటున్నారని కూడా మీరు రాశారు. అది నరాల వల్ల కావచ్చు, రక్తం చాలకపోవడం వల్ల కూడా కావచ్చు, రెండూ ఉండవచ్చు.

ఆవిడకు కావలసిన పరీక్ష చేతితో పట్టుకునే డాప్లర్‌తో, అంటే రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న అల్ట్రాసౌండు పరికరంతో, ఓపికగా చేసేది. పది నిమిషాలు పడుకోబెట్టి, జెల్ రాసి, పాదం పైభాగంలో ఒక నాడి, చీలమండ లోపలి వైపు ఇంకో నాడి వెతికి, పట్టీ నెమ్మదిగా వదులుతూ మళ్ళీ చప్పుడు మొదలయ్యే అంకె రాసుకోవాలి. ఆ చప్పుడు కూడా ఒక సాక్ష్యమే. ఆరోగ్యంగా ఉన్న ధమని ముందుకు, వెనక్కు, మళ్ళీ ముందుకు అన్నట్టు మూడు అంచెలుగా తెగ్గొట్టినట్టు వినిపిస్తుంది. పూడిక ఉన్నచోటికి దిగువన అది ఒకే ఒక్క మందమైన ఊదుడులా మారుతుంది. అంకె 1.46 చూపుతున్నా చెవికి ఈ తేడా తెలిసిపోతుంది. ఆ పైన బొటనవేలికి చిన్న పట్టీ వేసి బీపీ చూస్తారు, ఎందుకంటే వేలి నాళాలకు సుద్ద పట్టడం అరుదు. వేలి బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.70 లేదా అంతకు తక్కువ వస్తే పూడిక ఉన్నట్టు. రక్తనాళాల విభాగం ఉన్న ఆసుపత్రుల్లో ఈ పరీక్ష చేస్తారు, గుంటూరులోనో విజయవాడలోనో మీకు దగ్గరగా ఉన్నచోట ముందే ఫోన్ చేసి బొటనవేలి బీపీ చూసే పరికరం ఉందో లేదో అడిగి వెళ్ళండి.

ఈలోగా ఈ రాత్రే ఆవిడ రెండు పాదాలనూ మంచి వెలుతురులో చూడండి. వేళ్ళ సందులు, మడమ పగుళ్ళు, గోళ్ళ అంచులు, చెప్పు ఒరుసుకునే చోటు చూడండి. ఒక పాదం రెండోదాని కంటే చల్లగా ఉందేమో అరచేయి వెనకభాగంతో తాకి చూడండి. పగులు గానీ, మానని చిన్న పుండు గానీ, రంగు మారిన వేలు గానీ కనిపిస్తే, పరీక్ష తేదీ కోసం ఆగకుండా మర్నాడు ఉదయమే తీసుకువెళ్ళండి. ఆవిడను ఉత్తకాళ్ళతో నడవనివ్వకండి, మంట తగ్గుతుందని వేడినీళ్ళలో పాదాలు పెట్టనివ్వకండి.